అరగంట రెక్కలు

"మన మనిషి ఒకరు ఆ ముఠాలోనే ఉన్నారు. ఎవరని అడక్కు," అని ఏజెంట్ కపెంబ్వాతో అన్నాడు గూఢచారి శాఖ కసామా ఆఫీసులో చీఫ్ సికాజ్వే. "కోడ్ మాట: తొలివాన పడింది, బేసిన్ తియ్యి."

ముఠాలో ఎవరి నోటా ఆ మాట వినకముందే కపెంబ్వా దొరికిపోయాడు. ఎండుచేపల బేరగాడి వేషం బాగానే కుదిరింది. కానీ టాంగన్యికా సరస్సు ఒడ్డున ముక్కు మూసుకుని చేపలమ్మేవాడు ఎక్కడుంటాడు?

ఇప్పుడు పాత గోదాములో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. బూటు మడమలో బ్లేడు దాచుకున్నాడు గానీ, బూట్లు గుమ్మం దగ్గరే విప్పించారు.

ఎదురుగా పట్టాల మీద విమానం, ఒక పెద్ద నల్లటి రెక్క. తోక లేదు, పైలట్ లేడు, కడుపులో బాంబు. ఆరున్నరకు ఎగిరి శాంతి చర్చల పడవను ముంచేస్తుంది. ఆ పడవలో దుబాసీగా ఉన్నది కపెంబ్వా చెల్లెలు చిసెంగా.

"ఏడేళ్లు గద్దల్ని చూసి చేశాను!" మురిసిపోయాడు విదేశీ ముఠా నాయకుడు కర్నల్ డ్రెస్కో.

అతని పక్కన ఎర్రగౌనులో నామూకోలో. కపెంబ్వాను పట్టిచ్చింది ఆమే.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. మా చెల్లి ఉంది అందులో."

"ఇప్పుడు అక్కనయ్యానా? మొన్న డాన్సులో డార్లింగ్ అన్నావుగా!"

కపెంబ్వాకు ఏడుపొచ్చింది. ఎంత గింజుకున్నా తాడు వదల్లేదు. బయట వాన వెలిసింది.

"చీకటి పడుతోంది కర్నల్," అంటూ నామూకోలో ఫ్లడ్‌లైట్ వేసి రెక్క మీదికి తిప్పింది. తలుపులు బార్లా తెరిచి కాపలావాళ్లను కేకేసింది. "ఒరేయ్, తొలివాన పడింది, బేసిన్ తియ్యి!"

కపెంబ్వా నోరు తెరిచాడు. కాపలావాళ్లు తుపాకులు గోడకానించి బేసిన్ల కోసం పరుగెత్తారు. ఏడాదికోసారి వచ్చే రుచి మరి!

"పది... తొమ్మిది..." కర్నల్ లెక్క మొదలుపెట్టాడు. ఇంజను గర్జించింది.

అప్పుడొచ్చాయి ఉసిళ్లు. పుట్టలన్నీ పగిలినట్టు, వేలకు వేలు, నేరుగా వెలుగు మీదికి. గాలి పీల్చే రంధ్రం వాటినీ పీల్చేసింది.

"మూడు... రెండు..."

ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గి, ఆగిపోయింది. ఏడేళ్ల రెక్క పట్టాల మీదే ఉండిపోయింది. దాని నిండా, అరగంట ఎగిరి రాల్చేసుకునే రెక్కలు. కర్నల్ కణతకు నామూకోలో పిస్తోలు ఆనించింది.

"నా కట్లు విప్పవే!"

"ఉండు బాబూ, బేసిన్ నిండనీ."

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "ఇంజను ఆపిన ఆయుధాన్ని సాక్ష్యంగా పంపు."

"వేయించుకు తినేశాం సార్."

"మరి ఇందులో నువ్వేం చేశావ్?"

"ఉప్పు సరిపోయిందని చెప్పాను సార్."