చిన్నమామ నాడె

నాకు ఎంగిలంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరు నీళ్ళిచ్చినా గ్లాసు అంచు చుట్టూ కొంగుతో తుడవందే నోట పెట్టను. భివండి నార్పోలిలో, గదులన్నీ వరసగా ఉండే మా చాల్‌లో ఆడవాళ్ళంతా దీనికి నన్ను ఆట పట్టిస్తారు. పట్టించనీ, నాకేం పోయింది!

అట్లాంటి నన్ను తెచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో పడేశారు మా వాళ్ళు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త దారం కండె పెట్టాక, దారం కొస బయటికి రావాలంటే నాడె పక్కనున్న కంతకు నోరు పెట్టి సుర్రుమని పీల్చాలి. దారంతో పాటు దూది పొట్టు, నూనె, ముందు షిఫ్టువాడి తంబాకు ఉమ్మి, అన్నీ నోట్లోకి వస్తాయి. మా ఆయన అంకుశం, ఆయన చిన్నాయన లక్ష్మీనర్సయ్య పొద్దంతా చేసేది అదే. చిన్నమామకైతే ఇంకో అలవాటు ఉండేది. పీల్చే ముందు నాడెను అరచేతిలో టక్ టక్‌మని కొట్టేవాడు. ఆ చప్పుడు వింటేనే నేను మొహం తిప్పుకునేదాన్ని.

శుక్రవారం భివండిలో సాంచాలు బంద్. ఆ మధ్యాహ్నం చిన్నమామ నా బిడ్డ వనితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీలో ‘తారా చౌకీ’ చూసేవాడు. ఆకాశంలో ఓడ, అందులో వెండి రంగు బట్టల మనుషులు, నోట్లోంచి దారం తీసి వాళ్ళను చుట్టేసే ఒక పురుగు మనిషి. ఆ వేషగాడి మెడ వెనక గుండీలు కూడా కనిపించేవి.

"గది మన కార్ఖానల పారేసిన దూదే బిడ్డా" అని చిన్నమామ నవ్వేవాడు. నవ్వు దగ్గయ్యేది. ఆ దగ్గు ఒక పట్టాన ఆగేది కాదు.

వానాకాలంలో ఆ దగ్గుతోనే పోయాడు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. నేసేవాడు పోతే, అతను నోరు పెట్టిన నాడెను చితి మీదే వేసేస్తారు. పోయినవాడి ఎంగిలి ఇంట్లో ఉండకూడదు. మా అత్తవారి పద్ధతుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

తర్వాత కొన్నాళ్ళకు మనుషులు వేషాలు వేసిన తారా చౌకీ ఆగిపోయి, అదే కథ కార్టూన్‌గా మొదలైంది. అవే పేర్లు, అదే పురుగు. మొదటి భాగం అన్నం తింటూ నేనూ చూశాను. కార్టూన్‌లో ఓడ మారింది. రెండు కొసలూ మొనదేలి, మధ్యలో బోలుగా, అచ్చం నాడెలాగే ఉంది. పురుగు మనిషికి ఇప్పుడు గుండీలు లేవు. ఒళ్ళంతా తడి తడిగా, బూడిద రంగులో ఉంది. అది ఓడను చేత్తో పట్టుకుని అరచేతిలో కొట్టింది.

టక్ టక్.

పక్క కంతకు నోరు పెట్టి సుర్రుమని పీల్చింది.

"అమ్మా, దేఖ్ నా! తాత!" అని వనిత చప్పట్లు కొట్టింది.

నోట్లో ముద్ద మింగలేక బయటికి వెళ్ళి ఊసేశాను. ఆ బొమ్మ గీసినవాడు చిన్నమామను ఎక్కడ చూశాడు?

మరుసటి శుక్రవారం కార్టూన్ మొదలయ్యే వేళకే కరెంటు పోయింది. నేను మోరి దగ్గర గిన్నెలు తోముతున్నాను. చాల్‌లో టీవీలన్నీ ఒక్కసారిగా మూగపోయాయి. మా గదిలోంచి మాత్రం చప్పుడు వచ్చింది.

టక్ టక్... సుర్ర్...

మా గదికి కిటికీ లేదు. పట్టపగలే లోపల చీకటి. గడప దాటగానే వాసన ముక్కులో కొట్టింది. పులిసిన గంజి, తడిసిన దూది, తంబాకు. వనిత మూలకు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో నాడె.

"ఎవలిచ్చిన్రే అది?" అన్నాను.

"బాపు ఇచ్చిండు. తాతది... తారా చౌకీ జహాజ్ ఆట ఆడుకొమ్మన్నడు" అని మళ్ళీ కంతకు నోరు పెట్టింది.

మంచి చెక్క, కాల్చడమెందుకని దాచాడన్నమాట! మా ఆయన పీనాసితనం మీద ఒళ్ళు మండిపోయింది. దగ్గరికెళ్ళి లాక్కున్నాను. నాడెలో కండె లేదు. ఖాళీ. అయినా ఆ కంతలోంచి దారం వస్తోంది... వనిత నోట్లోకి పోతోంది.

"ఉమ్మెయ్ బిడ్డా... ఉమ్మెయ్!"

ఉమ్మలేకపోయింది. కళ్ళు తేలేసింది. దారం పట్టుకుని నోట్లోంచి లాగాను. వెచ్చగా, జిగటగా వచ్చింది. మధ్య మధ్య దూది ఉండలు, తంబాకు రసం, చీములాంటిదేదో. వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. నేను లాగిన కొద్దీ కంతలోంచి ఇంకా పిల్ల గొంతులోకి పోతూనే ఉంది. కత్తిపీట మీద వేసి కోశాను. తెగలేదు. పిల్ల పెదవులు నీలంగా అయిపోయాయి.

ఇంకో దారి లేదు. నాడె దారం పీల్చినవాళ్ళ నోటికే వస్తుంది.

కంత తుడవడానికి కొంగు పట్టుకున్నాను... అంత వ్యవధి లేదు. అలాగే నోరు పెట్టి పీల్చాను.

చల్లని కఫం. పుండు రుచి. వనిత గొంతులోంచి దారం సర్రున జారి నా నోట్లోకి తిరిగింది. కంతకు అవతలి నుంచి ఎవరివో పెదవులు నా పెదవులకు ఆనాయి. మెత్తగా... తడిగా... నేను మింగలేదు. అదే లోపలికి పోయింది.

వనిత దగ్గి, ఏడ్చి, ఊపిరి పీల్చింది. గట్టిగా కావలించుకున్నాను. బతికింది నా తల్లి.

అంకుశం ఆ సాయంత్రమే నాడెను తీసుకెళ్ళి నదొడ్డున కాల్చి వచ్చాడు. "తప్పయింది గంగా" అన్నాడు. నేను ఉప్పుతో, బూడిదతో నోరు కడుగుతూనే ఉన్నాను. వెనక పంటి దగ్గర ఏదో పోగు తగులుతోంది. వేలు పెడితే దొరకదు.

నిన్న మళ్ళీ శుక్రవారం. టీవీ వద్దన్నా వనిత వినలేదు.

"అమ్మా, జల్దీ రా!"

పురుగు మనిషి టక్ టక్‌మని కొట్టడం లేదు. ఓడలోవాళ్ళు దానికి గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఒంటి మీద బట్టలేని ఆ పురుగు, తన గొంతులోంచి గుప్పెడు దారం లాగి, గ్లాసు అంచు చుట్టూ శ్రద్ధగా తుడిచింది. తర్వాత తాగింది.

"అచ్చం నీ లెక్కనే అమ్మా!" అని వనిత పడీ పడీ నవ్వింది.

బిడ్డ భయపడకూడదని నేనూ నవ్వాను. నవ్వు దగ్గయింది.