సమదేహ పోటీ

2091 నాటికి విశాఖపట్నం టీ దుకాణాల దగ్గర ఒక రకం వాదనలు నిలిచిపోయాయి. ఆ కాలపు ఆటగాడు గొప్పా, ఈ కాలపు ఆటగాడు గొప్పా అని ఎవరూ గొంతు చించుకోవడం లేదు. సందేహం వస్తే కాలబరి నివేదిక చూసుకుంటారు, టీ తాగి వెళ్ళిపోతారు.

కాలబరి ఒక గాజు గోడల హాలు. మధ్యలో బాక్సింగ్ రింగు. పాత వీడియోలు, ఎముకల స్కానింగులు, బాక్సర్ జ్ఞాపకాలు కలిపి అది ఒక మనిషి సజీవబింబాన్ని తయారుచేస్తుంది. బింబానికి చెమట పడుతుంది. భయం వేస్తుంది. వేర్వేరు కాలాల వాళ్ళను ఎదురెదురుగా దింపితే ఎవరు నెగ్గుతారో నమ్మకంగా తేలుతుంది. హెవీవెయిట్ల విషయంలో ఆ తీర్పు నిర్దయగా ఉండేది. దాదాపు ప్రతిసారీ పెద్ద ఒళ్ళున్నవాడే నెగ్గేవాడు.

ఆ ఉదయం మైలపల్లి పోలయ్య తన బింబం మూడో రౌండులో కుప్పకూలడం చూశాడు. ఆయన డెబ్బై ఆరేళ్ళవాడు. 2043లో ఆసియా హెవీవెయిట్ విజేత. ఆ రోజుల్లోనే ఆయన్ని పొట్టివాడనేవారు. కూల్చిన బింబం ఇప్పటి విజేత సువీర్‌ది. ఆ సువీర్ రెండు కుర్చీలు కలిపి వేసుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు.

"మళ్ళీ వెయ్యమంటారా పోలయ్యగారూ?" అని అడిగింది డాక్టర్ నస్రీన్. కాలబరిని నిర్మించింది ఆమే.

"ఎన్నిసార్లేసినా ఆడి సెయ్యి నా మొకానికి అందుద్ది, నా సెయ్యి ఆడి మొకానికి అందదు. దీనికింత మిషనెందుకమ్మా? కొలతల టేపు సాలు."

"డొక్కలో ఒకటిచ్చావు తాతా," అన్నాడు సువీర్. "నా బింబం సంగతేమో గానీ ఇక్కడ నేను మూలిగాను."

"ఓదార్చకురా. నాకొళ్ళు మండిపోతంది."

ఇన్నాళ్ళూ నివేదికలే బయటికిచ్చిన హాలును మర్నాడు ప్రజలకు తెరుస్తారు. పోలయ్య బింబం ఇక అక్కడే శాశ్వతంగా ఉంటుంది. ఏ దేహంతో ఉండాలో చెప్పే హక్కు ఆయనదే. ఆయన సమ్మతి ఇంకా ఇవ్వలేదు.

"నాకూ ఆడికీ ఒకే ఒళ్ళియ్యి," అన్నాడు ఆయన. "అప్పుడు సూద్దాం. యాభై ఏళ్ళ బట్టి దేవుణ్ణిదే అడుగుతున్నాను. ఆయనియ్యలేదు, నువ్వైనా ఇయ్యి."

"ఒళ్ళు చొక్కా కాదండీ, ఒకటి విప్పి ఇంకొకటి తొడగడానికి. మనసు దేహంతోపాటే పెరుగుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ దేహంతో మిమ్మల్ని మళ్ళీ బతికించి చూడాలి. ఏమొస్తుందో నాకూ తెలీదు."

"చెయ్యండి మేడమ్," అన్నాడు సువీర్. "ఒళ్ళుంది కాబట్టి గెలిచాడంటారు నన్ను. నిజమేమిటో నాకూ తెలియాలి."

ఇద్దరికీ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే చేతుల పొడవు నిర్ణయించారు. యంత్రం చాలాసేపు గణించింది. రింగు మీద దీపాలు వెలిగాయి. రిఫరీ బింబం వచ్చి మధ్యలో నిలబడింది. గంట మోగింది.

ఎర్ర మూల ఖాళీగా ఉంది. నీలం మూల కూడా ఖాళీ. రిఫరీ అటూ ఇటూ చూసి, గడియారం చూసుకున్నాడు.

"సెడిపోనాదా ఏటి?"

"లేదు," అంది కాలబరి గోడల్లోంచి. "గణన పూర్తయింది. ఇద్దరూ రాలేదు."

"రాకపోడమేటి!"

"మీ పన్నెండో ఏట చేపల రేవులో పెద్ద కుర్రాళ్ళు మీ బుట్ట లాక్కున్నారు. వాళ్ళకు భయపడి మీరు బాక్సింగ్ షెడ్డులో దాక్కున్నారు, ఆట అక్కడే పట్టుబడింది. ఈ కొత్త దేహానికి ఎవరూ అడ్డురాలేదు. చేపలు ఇంటికి తీసుకెళ్ళి, అన్నం తిని పడుకున్నారు."

"మరి నేను?" అని అడిగాడు సువీర్.

"చిన్నప్పుడు బళ్ళో మీరు బెంచీలో పట్టలేదు. నేల మీద కూర్చోబెడితే క్లాసంతా నవ్వింది. ఆ క్లాసు గంట గడపడానికి జిమ్ముకు పారిపోయేవారు. ఈ దేహం బెంచీలో సరిపోయింది."

నస్రీన్ నెమ్మదిగా అడిగింది. "అయితే ఒంటి పరిమాణం ముఖ్యమేనంటావా?"

"ముఖ్యమే. మీరు చూస్తున్న ఈ రింగులోకన్నా, రింగు దాకా తెచ్చే దారిలో."

"ఆళ్ళిద్దరూ ఏటైనారు?" అన్నాడు పోలయ్య.

"సుఖంగా ఉన్నారు. మీరెవరో వాళ్ళకు తెలియదు."

ఇన్నేళ్ళూ పోలయ్య మనసులో పొడుగాటి పోలయ్య ఒకడు తిరుగుతూ ఉండేవాడు. తనకు దక్కకుండా పోయిన అసలు మనిషి వాడేనని ఆయన నమ్మకం. ఆ ఊహలో వాడికెప్పుడూ ఈయన ఎడమచేతి దెబ్బే ఉండేది, ఈయన పంతమే ఉండేది. అవన్నీ తానే వాడికి అరువిస్తున్నానని ఆయనకు తోచలేదు. గ్లవ్స్ ఎలా ఉంటాయో కూడా తెలియని మనిషిని చూసి యాభై ఏళ్ళు అసూయపడ్డాడు.

ఆయనకు నవ్వొచ్చింది. తరవాత కళ్ళు చెమర్చాయి.

"ఆ బుట్ట లాక్కున్నోళ్ళు కనిపిస్తే ఒక్కొక్కడికీ కాఫీ ఇప్పించీవోణ్ణి."

"నన్ను చూసి నవ్వినవాళ్ళకు నేనైతే ఇప్పించను తాతా."

"నీకింకా వయసుందిలే."

సువీర్ లేచి ఆయన పాదాలు తాకబోయాడు. పోలయ్య ఆ వెడల్పాటి ఛాతీ మీద పిడికిలి ఆనించి ఆపాడు.

"వంగకురా. నీ ఎత్తు నీకుండనీ. ఇంత మనిషివై ఎదిగినందుకు నాను నీకు దండమెట్టాలి. ఎదురుగా నువ్వు లేకపోతే నానెవలితో కొట్టుకుందును?"

నస్రీన్ సమ్మతి ఫలకం అందించింది. ఆయన తన పొట్టి దేహం బొమ్మ మీద వేలు నొక్కాడు.

"జనం ముందు రోజూ నా చేతిలో ఓడిపోతావు తాతా," అన్నాడు సువీర్ బాధగా.

పోలయ్య రింగులో ఒంటరిగా ఎదురుచూస్తున్న రిఫరీ వైపు చూశాడు.

"ఓడిపోనీ బాబూ. ఓడిపోడానికైనా మనిషంటూ రావాలి గదా."