శవానికి గాలి కొట్టే ఆడది

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినోడు టీకొట్టు దామోదరం. ఆ మాట ముందే రాసి పెడతా ఉండాను. రేపు ఎవరైనా ఇది ఈ చెంగయ్య కట్టిన కథ అంటే నేను ఒప్పుకోను.

మా పక్క సర్కారు ఆసుపత్రి ఒకటుండాది. ఊరి పేరు రాయను. దాని ఎనకాల పాత టీబీ షెడ్డు. రేకుల కప్పు, రెండు కిటికీలు, గొళ్ళెం లేని తలుపు. రోగుల వెంట వచ్చినోళ్ళు చీకటి పడినాక ఒంటికి పోవాలన్నా ఆ పక్కకు పోరు. గేటు దాటి, రోడ్డు మీదనే కూర్చుంటారు. ఆసుపత్రి ముందర, రోడ్డు మీద! దానికి సిగ్గుపడేవాళ్ళు ఒక్కరు లేరు. షెడ్డు పేరెత్తితే మాత్రం చెవులు మూసుకుంటారు.

ఏముండాది ఆడ? అని అడిగితే ఒకటే మాట చెబుతారు... ఊపిరి.

రెండువేల ఆరులో, మామిడికాయల కాలంలో, మా వియ్యంకుడికి కాలు విరిగిందంటే చూసేదానికి పోయినాను. రాత్రి ఎనిమిదయింది. కరెంటు పోయింది. గేటుకాడ టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాను. నేను ఆ గేటు తొక్కి ఎనిమిదేండ్లయింది, నన్ను గుర్తుపట్టినోళ్ళు లేరు. పక్కన ఐరాల నుంచి వచ్చిన తాయమ్మ అనే ముసలామె, ఇంకో ఇద్దరు. దామోదరం మైనపొత్తి ఎలిగించి, గొంతు తగ్గించి, చెప్పడం మొదలుపెట్టినాడు.

"తొంబై ఎనిమిది. కార్తీకం. వాన అంటే వాన గాదుబ్బా అది. నర్సమ్మకు టీ ఇచ్చేదానికి ఫ్లాస్కు పట్టుకుని ఎనకదోవన పోతా ఉన్నా. షెడ్డుకాడికి వచ్చేసరికి... ఉస్—"

ఆగినాడు. వినేవాళ్ళ గ్లాసులు నోటికాడనే ఆగినాయి.

"ఉస్... మళ్ళా ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు అనేంత సేపు ఏమీ లేదు. మళ్ళా... ఉస్. పామేమో అనుకున్నా. పాము ఇంత లెక్కగా బుస కొడతాదా? కిటికీలోంచి తొంగి చూసినా."

"యాల చూసినావు నాయనా!" అనింది తాయమ్మ.

"చూసినా గదమ్మా, ఏం చేసేది? మూలన లాంతరు. మంచం మీద శవం. నోట్లోంచి గొట్టం. తలకాడ ఒక ఆడది... జుట్టు ఇరబోసుకుని, తడిసిన కోకతో. దాని చేతుల్లో ఏందో నల్లటిది. గుండెకాయ మాదిరి. దాన్ని పిసకతా ఉండాది. పిసికితే శవం రొమ్ము పైకి లేస్తాది. వదిలితే... పడిపోతాది."

దామోదరం మైనపొత్తికి చెయ్యి అడ్డం పెట్టినాడు.

"నా పక్క తిరిగింది. కండ్లు నిప్పులు. 'అన్నా,' అనింది మెల్లగా. 'అన్నా... రవ్వంత సేపు పట్టుకో...'"

"పట్టుకున్నావా?"

"పట్టుకునుంటే ఈడ నీకు టీ పోసేదెవరు? పట్టుకున్నోడి ఊపిరి శవంలోకి పోతాది. ఆడది లేసి పోతాది. పట్టుకున్నోడు ఆడనే కూర్చుని పిసకతా ఉండాల. ఫ్లాస్కు పారేసి పరిగెత్తినా. మొగుడు సస్తే ఉరేసుకున్న ఆడదంట అది. అమాస రాత్రి పొయ్యి వినండి... ఇప్పటికీ పిలస్తాది."

తాయమ్మ రొమ్ము మీద మూడుసార్లు ఉమ్ముకుంది.

నా గ్లాసులో టీ ఉన్నింది. నేల మీద పారబోసినాను.

"దామోదరం," అన్నాను, "ఆ ఆడది ఉరేసుకోలేదు. ఈ పొద్దు తెల్లారి నాకు సంగటి కెలికి పెట్టి పంపింది. ఆమె పేరు మునిలక్ష్మి. నా పెండ్లాం. ఆ శవం నేనే."

వాడు ఏం చేసినాడో తర్వాత రాస్తాను. ముందు జరిగింది రాయాల.

ఆ కార్తీకంలో శెనక్కాయ కుప్పకు కావలి ఉన్నాను. పొద్దు గూకినాక కొట్టంలో నేల మీద నడుం వాల్చినాను. కట్లపాము కరిచింది. కరిచినట్టే తెలీలేదు, చీమ కుట్టినంత గూడా లేదు. కడుపునొప్పి వచ్చింది. తర్వాత రెప్పలు వాలిపోయినాయి. నాలుక మడతపడింది. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి మెడ నిలవలేదు. రొమ్ము లేవలేదు.

కోమలి అని చిన్న వయసు డాక్టరమ్మ. ఆ రాత్రి ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కతే. గొంతులోకి గొట్టం దించింది. దానికి నల్ల రబ్బరు సంచి తగిలించి, సంచికి ఆక్సిజన్ సిలిండరు పెట్టి, తన చేత్తోనే నొక్కింది. ఊపిరి పోసే మిషను తిరుపతిలో ఉండాది. తీసకపోయే వ్యాను ఇంకో రోగితో పోయి వంక పొంగి అవతల చిక్కుకునింది. ముందర వార్డులో చీలమండల లోతు నీళ్ళు. అందుకే నన్ను టీబీ షెడ్డులోకి మార్చినారు.

"అమ్మా, ఈయన చనిపోలేదు," అని మునిలక్ష్మికి చెప్పింది. "విషం కండరాల్ని కట్టేసింది, అంతే. మందు ఇచ్చినాను. కానీ ఊపిరి తనంతట తాను తీసుకోలేడు, మనమే ఇయ్యాల. నొక్కు, వదులు, మూడు లెక్కబెట్టు, మళ్ళా నొక్కు. సిలిండరు అయిపోయినా ఆపొద్దు, ఉత్త గాలితోనే నొక్కు. నువ్వు ఆపితే నాలుగైదు నిమిషాల్లో పోతాడు."

కాన్పు గదిలో ఒకామెకు రక్తం ఆగడంలేదని పిలుపు వచ్చింది. నర్సునూ తీసుకుని పరిగెత్తింది. మొదట్లో రెండుసార్లు వచ్చి నన్ను చూసిపోయింది కూడా. ఆ పిల్లను ఎవరైనా ఒక మాట అంటే నేను ఊరుకోను.

ఒక సంగతి ఎవరికీ తెలీదు. నా రెప్ప లేవదు, వేలు కదలదు. చెవులు మాత్రం పనిచేస్తా ఉన్నాయి. అవి గూడా పనిచేయకుండా ఉండింటే బాగుండేది.

నా చిన్నాయన కొడుకు యోగానంద వచ్చినాడు. లోపలికి రాలేదు, గుమ్మంకాడ నిలబడినాడు.

"వదినా, వదిలేయ్. శవానికి గాలి కొడతా ఉండావు."

"బతుకుతాడని డాక్టరమ్మ చెప్పింది. చేతులు తిమ్మిరెక్కినాయి యోగానందా. రొంతసేపు నువ్వు పట్టుకో."

"ముట్టుకుంటే తలకు పోసుకోవాల గదా వదినా. ఈ వానలో... నాకసలే జలుబు."

జలుబు! నాకు ఊపిరే లేదు, వాడికి జలుబు. పాడెకు వెదుర్లు చూసొస్తానని పోయినాడు. పోతా పోతా గేటుకాడ నిలబడి, మా అన్న పోయినాడని చెప్పినాడంట. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరతాది. మొన్న వాడి కూతురి పెండ్లికి పిలిస్తే, జలుబు చేసింది రాలేనని చెప్పి పంపినాను.

తర్వాత కిటికీకాడ ఎవరో వచ్చినారు. మునిలక్ష్మి "అన్నా, రవ్వంత సేపు పట్టుకో" అనింది. ఫ్లాస్కు పగిలిన సప్పుడు. బురదలో పరుగు. ఆడిదాకా దామోదరం చెప్పింది నిజమే.

నేను మొదటినుంచీ లెక్కబెడతా పడుకున్నాను. నాకు పెద్ద చదువు లేదు గానీ లెక్క తప్పదు. ఒక్కో నొక్కుకు ఒకటి. వెయ్యి దాటింది. రెండువేలు దాటింది. సిలిండరు సప్పుడు నిలిచిపోయింది. ఆమె చేతుల్లో సత్తువ అయిపోయి, సంచిని రొమ్ముకు ఆనించుకుని మోచేతులతో నొక్కిందని తర్వాత చెప్పింది. ఊపిరి పొట్టిగా వస్తా ఉండాది... ఇంకా పొట్టిగా...

ఒకటి. రెండు. మూడు.

రాలేదు.

నాలుగు... ఏడు... పది. ఆమె తల నా భుజం మీద పడింది. గురక.

పెండ్లాం పక్కనే ఉండాది. లేయ్ అనేదానికి నాకు నోరు లేదు. కొట్టేదానికి చెయ్యి లేదు. ఇరవై... ముప్పై... చెవుల్లో హోరు. రొమ్ము మీద రోలు పెట్టినట్టుండాది. యాభై లెక్కబెట్టినాను. యాభై ఒకటి లెక్కబెట్టలేకపోయినాను—

ఉస్.

వచ్చింది. పెద్ద ఊపిరి. మొరటుగా, రొమ్ము పగిలిపోయేటట్టు. మళ్ళా వచ్చింది. మళ్ళా. మొదట్లో ఆత్రంగా, లెక్క లేకుండా. తర్వాత మెల్లగా మూడుకు ఒకటిగా నిదానించింది.

మునిలక్ష్మి గురక ఆగలేదు.

మరి నొక్కేదెవరు?

మాట లేదు. దగ్గు లేదు. పేరు పెట్టి పిలిచింది లేదు. తెల్లవారుజాము దాకా ఆ ఊపిరి వస్తానే ఉండాది. డాక్టరమ్మ చెప్పులు సప్పుడు చేసుకుంటా వచ్చేసరికి సంచి మళ్ళా నా పెండ్లాం చేతుల్లో ఉన్నిందంట. పొద్దున వ్యాను వచ్చింది. తిరుపతిలో అయిదు దినాలు మిషను మీద ఉండి, నడిచి ఇంటికి వచ్చినాను.

మునిలక్ష్మి ఇప్పటికీ "ఆ రాత్రి నేను కన్ను మూయలేదు" అంటాది. అవునంటాను. ఎనిమిదేండ్లు ఇంకో మాట అనలేదు. దెయ్యాలంటే నమ్మే మనిషిని కాను నేను. కానీ ఒక్కోసారి నడిరేయి మెలకువ వస్తే, ఆ చేతులు ఎవరివి అని అనుకునేవాణ్ణి.

ఇప్పుడు టీకొట్టుకు వస్తాను.

"ఆ శవం నేనే" అన్నానా... తాయమ్మ లేసి దూరం జరిగింది. దామోదరం నా మొహం చూడలేదు. వంగి, మైనపొత్తి ఎలుతురులో నా కాళ్ళకల్లా చూసినాడు.

"నువ్వా పెద్దాయనా..." అన్నాడు. "నువ్వు బతకతావని నేననుకోలేదు. ఆ కుడికాలి బొటనవేలు కదిలేదాకా నాకు నమ్మకం లే..."

నాలుక కరుచుకున్నాడు.

నా బొటనవేలు మొదటిసారి కదిలింది తెల్లవారుజామున. నా ఒంట్లో అంతకు ముందు కదిలింది ఏదీ లేదు. అప్పుడు మునిలక్ష్మి నిద్దరలో ఉండాది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. ఫ్లాస్కు పారేసి పరిగెత్తినోడు దాన్ని ఎట్లా చూసినాడు?

వాడి చెయ్యి పట్టుకుని కొట్టు ఎనకాలికి లాక్కుపోయినాను.

"మెల్లగా, పెద్దాయనా... నీకు దండం పెడతా..."

"నువ్వేనా?"

"పరిగెత్తిన మాట నిజమే. గేటు దాకా పోయినా. 'అన్నా' అనింది గదా ఆయమ్మ... దెయ్యం అన్నా అంటాదా? తిరిగొచ్చినా. ఆమె పడిపోయింది. సంచి కింద ఉండాది. ఆమె చేసినట్టే చేసినా. డాక్టరమ్మ వచ్చే ముందర సంచి ఆమె చేతుల్లో పెట్టి, తట్టి, కన్ను తెరిచేలోగా బయటపడినా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ యోగానంద గేటుకాడ నువ్వు పోయినావని ఊరంతటికీ చెప్పినాడు. రాత్రంతా శవాన్ని పట్టుకున్నోడి చేతి టీ ఎవడు తాగతాడు? తెల్లారి షెడ్డులోంచి బయటికొస్తా ఉంటే ఇద్దరు చూసినారు. ఆడేం చేస్తా ఉన్నావని అడిగితే, నోటికొచ్చింది చెప్పేసినా. చెప్పినాక... మళ్ళా చెప్పమన్నారు."

"నువ్వు చేసిన మంచి పని దాచుకునేదానికి నా పెండ్లాన్ని దెయ్యం చేసినావు."

థూ. నాకు రోత పుట్టింది. ముట్టుకుంటే మైల అనే జనం మీద, వాళ్ళకు భయపడిన వీడి మీద. వీడికి దండం పెట్టేదానికి నా చేతులు లేస్తా ఉంటే, ఆ చేతుల మీద గూడా. వచ్చేసినాను. దండం పెట్టలేదు.

దామోదరం, నీకు చదువు వచ్చు. అందుకే ఇది రాస్తా ఉండాను. మునిలక్ష్మికి మాత్రం ఎవరూ చదివి వినిపించొద్దు. కన్ను మూయలేదని ఆమె అంటే, మూయలేదు.

మిగతాది నువ్వు సరిచెయ్యాల. నీ కొట్టుకాడ, టీ తాగేవాళ్ళ ముందర, నీ నోటితో చెప్పు. ఆడ దెయ్యం లేదని, మొగుడి ఊపిరి పట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి ఉన్నిందని, ఆమె అలిసిపోతే పట్టుకున్నోడివి నువ్వని. రేపు ఇంకో ఆడకూతురు ఆ కిటికీలోంచి "అన్నా, పట్టుకో" అంటే పరిగెత్తకుండా, లోపలికి పొయ్యి పట్టుకోమని చెప్పు.

నువ్వే చెప్పాల. నేను చెబితే శవం మాట్లాడిందంటారు.