గాస్కెట్ కోసం పోయిన పైడి

కొర్రకొండ రాజ్యంలో ఏటి నీళ్ళను మెట్టపొలాల మీదికి తోడే ఇంజను ఒక్కటే ఉండేది. ఒకనాడు అది బుస్సుమని నీళ్ళన్నీ పక్కకి చిమ్మేసి, పైకి చుక్కైనా ఎక్కించడం మానేసింది. దానిని చేసిన దొర పోతూ పోతూ రాసిపెట్టిన చీటీలో "అతుకు దగ్గర నీళ్ళు కారితే గాస్కెట్ మార్చవలెను" అని ఉంది. గాస్కెట్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు ఆ కోటలో అసలే లేదు.

"అదొక క్షుద్రదేవత, మేకను బలియ్యాలి" అన్నాడు ఆస్థాన పండితుడు. "కాదు, శత్రువుల ఆయుధం" అన్నాడు సేనాపతి. మేక పోయింది, ఇంజనుకి నాలుగు బల్లెపు పోట్లు పడ్డాయి, నీళ్ళు మాత్రం రాలేదు. చివరికి రాజు వజ్రకంఠుడు ఇంజను నడిపే అప్పన్నను చెరలో వేయించి, వారంలో నీళ్ళు పారకపోతే తల తీయిస్తానన్నాడు.

అప్పన్న కూతురు పైడికి పద్నాలుగేళ్ళు. ఏడుపు దిగమింగి, సద్దిమూట కట్టుకొని, గాస్కెట్ అంటే ఏమిటో కనుక్కోవడానికి అడవిదారి పట్టింది.

మొదటి కొండ మీద సకల భాషలూ తెలిసిన ముని కనిపించాడు. "రెండు ఇనుప ముక్కల నడుమ నిలిచి, నీరు కారకుండా ఆపేది గాస్కెట్ తల్లీ" అన్నాడు.

"ఎలాగుంటాది తాతా?"

"నేనూ చూడలేదు. అర్థం వరకే నా పని."

రెండో కొండ మీద, దొర ఇంట పెరిగిన ముసలి చిలుక ఉంది. "గాస్కెట్ పోయింది, గాస్కెట్ కొయ్యి, గాస్కెట్ బిగించు" అని మాట వాడే తీరంతా వల్లించి, కూలిగా జామపండు అడిగి మరీ తింది. కొయ్యాలంటే అది మెత్తనిదే అయి ఉండాలనుకుంది పైడి.

మూడో కొండ గుహ ముందు పండితుల శిలలు బారులు తీరి ఉన్నాయి. లోపలినుంచి రాక్షసుడు వచ్చాడు. "తెలియనిది తెలుసునన్నవాడల్లా ఇక్కడ రాయైపోయాడు. గాస్కెట్ గురించి నీకేం తెలుసు?"

పైడి దణ్ణం పెట్టింది. "అర్థం తెలుసు, మాట తెలుసు. వస్తువు మాత్రం తెల్దు బావూ. చూపిస్తే నేర్చుకుంటాను."

రాక్షసుడు చతికిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "దొర ఇంజనుకి ఇనుము వంచినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళలో నన్ను నేర్పమన్నవాళ్ళు లేరు" అంటూ తన చెప్పు అడుగుతోలు కోసి, ఉంగరంలా గుండ్రంగా తొలిచి, చుట్టూ బోల్టులకు బెజ్జాలు పెట్టడం నేర్పాడు.

ఏడో రోజున పైడి ఆ తోలును అతుకులో పెట్టి బిగించింది. నీళ్ళు మెట్ట ఎక్కాయి.

"నేను చెప్పిందీ అదే ప్రభూ" అన్నాడు పండితుడు.

రాజు ఆ మాట వినిపించుకోలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు. "నాకు తెలియదమ్మా. తెలియకే మీ అయ్య తల తీయబోయాను" అన్నాడు. ఆ కోటలో ఆ మాట పుట్టడం అదే మొదలు.

యువరాజుకి ఆరేళ్ళే గనక పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. పైడిని మంత్రిని చేశారు. చెర విడిచి వచ్చిన అప్పన్న కూతుర్ని దగ్గరికి తీసుకొని, అందరి ముందూ భోరుమన్నాడు.