చీకట్లో పొదిగిన పావురం

"టార్గెట్ సీతారామయ్య. రేపు ఉదయం ఏడున్నరకి, ఫరీదాబాద్ పార్కులో," అంది సుభాషిణి, టీ కప్పు రఘువీర్ ముందుకు తోస్తూ. "వెపన్, పావురం."

రఘువీర్ నవ్వలేదు. ఆర్.కె. పురం క్వార్టర్‌లో గుట్టుగా నడిచే గూఢచారి ఆఫీసుకు ఆమె చీఫ్, అతను ఏజెంట్. పార్ట్‌నర్ భరద్వాజ్ అతని కళ్లెదుటే చనిపోయి మూడు నెలలైంది. అప్పటినుంచి ఏడుపూ లేదు, భయమూ లేదు. ఇచ్చిన టీ తాగడం, చెప్పిన పని చేయడం, అంతే. ఇప్పుడూ కప్పు ఖాళీ చేశాడు.

సీతారామయ్య ఒక విదేశీ ముఠా కోడ్ విప్పిన పెద్దమనిషి. రోజూ పార్కులో పావురాలకు గింజలు చల్లుతాడు. ఆయన్ని గుర్తుపట్టి భుజం మీద వాలేలా ముఠా ఒక పావురాన్ని తయారుచేసింది. దాని కాలి రింగులో విషవాయువు, ఎదురు డాబా మీద రిమోట్‌తో ముఠా మనిషి.

"ఆయన్ని ఇంట్లోనే ఆపేస్తే?" అడిగాడు రఘువీర్.

"ప్లాన్ లీక్ చేసింది నేనేనని ముఠాకు తెలిసిపోతుంది. సాయంత్రానికి నేనుండను," అంది కిటికీ దగ్గరున్న ఇంద్రజ. నల్ల కళ్లద్దాలు, ఎర్ర షిఫాన్ చీర. ముఠాకు పక్షుల ట్రైనర్, లోలోపల మన మనిషి.

"మూడొందల పావురాల్లో అదేదో ఎలా పోల్చేది?"

"గుడ్డులో పిల్ల కుడికన్ను పెంకువైపు ఉంటుంది. వెలుగు దానికే ఎక్కువ తగులుతుంది. అందుకే మెదడు పని పంచుకుంటుంది. కుడికన్ను గింజలు ఏరుతుంటే ఎడమకన్ను గద్దకోసం కాపలా. నేను గుడ్లు పొదిగే ఇన్‌క్యుబేటర్‌లో బల్బు ఆర్పేశాను. ఈ పక్షి కళ్లకు ఆ పంపకం లేదు, తినేటప్పుడు గద్దను పట్టించుకోదు."

మర్నాడు రఘువీర్ పార్కులో గాలిపటాలమ్మే భయ్యా వేషంలో ఉన్నాడు. పక్కన సంచిలో టెక్నికల్ సెక్షన్ వాళ్లిచ్చిన గాడ్జెట్: ప్రెషర్ కుక్కర్.

సీతారామయ్య గింజలు చల్లాడు. పావురాలు మూగాయి. రఘువీర్ గద్ద ఆకారంలో ఉన్న నల్లపటాన్ని వాటి నెత్తిమీదికి వదిలాడు. ఒక్కసారిగా గుంపు లేచిపోయింది.

ఒక్కటి మాత్రం తింటూనే ఉంది. తర్వాత తలెత్తి సీతారామయ్యను చూసి, రెక్కలు విప్పింది.

ఆయన భుజానికి జానెడు దూరంలో రఘువీర్ దాన్ని పట్టేశాడు. రింగు లాగి కుక్కర్లో పడేసి మూత బిగించాడు. లోపల టప్పుమంది. రిమోట్ నొక్కినవాణ్ని డాబా మీద అప్పుడే పోలీసులు పట్టుకున్నారు.

"ఏమయ్యా! నా పావురాలన్నీ బెదిరిపోయాయి," కసిరాడు సీతారామయ్య.

"మాఫ్ కరో, అంకుల్." అప్పుడు తెలిసింది రఘువీర్‌కు, తను భయపడ్డాడని. అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆఫీసులో సుభాషిణి టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"చక్కెర వెయ్యలేదేంటి మేడమ్?"

"మూడు నెలల్నుంచీ వెయ్యట్లేదు రఘూ," అంది ఆమె, చక్కెర డబ్బా ముందుకు జరుపుతూ. "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా."