ముప్పై నాలుగో వరుస

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్కో పేజీకి రెండు వారాలు పడుతుంది. ఇంత చిన్న కథ రాసేలోగా మా వైపు కాఫీ పళ్ళ కోత మొదలై, అయిపోయింది కూడా.

ఈశ్వరమ్మ ఆ ఉదయం కూడా రాగి అంబలి కాచుకుని, ఒక్క గిన్నెడు తాగి, గ్రామ సచివాలయానికి బయల్దేరింది. వరుసగా ఆరో రోజు. పాత భూమి పుస్తకాల్లో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించి, ఆ జాబితాను అక్కడి గోడకు అంటించారు. తప్పులుంటే గడువులోగా చెప్పమన్నారు. ఆమె నేరుగా ముప్పై నాలుగో వరుస దగ్గరకు వెళ్ళి, వేలు ఆనించి చదివింది.

"మం... గ్లు."

రెండేళ్ళ క్రితం జ్వరంతో పోయిన పెనిమిటి పేరు. బతికుండగా ఆ పేరు చదివే చదువు ఆమెకు లేదు; ఆయన పోయాకే రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది.

"పెద్దమ్మా, రోజూ అదే చదువుతున్నావు," అన్నాడు లోపలి నుంచి ఉద్యోగి శ్రీకాంత్. "అభ్యంతరం ఉందా, లేదా? రేపటితో గడువు ఆఖరు."

"నేదు బాబూ. ఊరికే సూత్తన్నాను."

నిజానికి అభ్యంతరం ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం మంగ్లు, అతని అన్న ధనుంజయ్ భూములు మార్చుకున్నారు. కొండవాగు పారే గెడ్డ ఒడ్డున ఉన్న తన వరి మడిని మంగ్లు అన్నకిచ్చి, అన్న వాటా మెట్ట తీసుకుని కాఫీ మొక్కలు నాటాడు. గట్టు మీద కూర్చుని అన్నదమ్ములిద్దరూ ఒకే సొరబుర్రలో జీలుగు కల్లు తాగారు. ఊరికి అదే రిజిస్ట్రేషను. కాగితం జోలికి ఎవరూ పోలేదు.

రెండు నెలల క్రితం భూముల సర్వేకి వచ్చినవాళ్ళు పాత పుస్తకం చదువుతుంటే ధనుంజయ్ పక్కనే నిలబడి తలాడించాడు. అందుకే ఇప్పుడు కాఫీ తోట అతని పేరున, వరి మడి మంగ్లు పేరున ఎక్కాయి. బావ కావాలనే తోట కలుపుకున్నాడని ఈశ్వరమ్మ మాట మానేసింది. ఎదురెదురు ఇళ్ళు. రెండు నెలలుగా ఆమె నోరు విప్పేది కోళ్ళను అదిలించడానికే.

ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో ధనుంజయ్, అతని కోడలు మాధవి కూర్చుని ఉన్నారు.

"సిన్నత్తా, బేగి రా," అంది మాధవి. "ఇద్దరూ సంతకం పెడితే తోట నీ పేరు మీదికి, మడి మా మామ పేరు మీదికి మార్సేత్తారట."

"నాను పెట్టను."

"పెట్టవా? రేపు మా మామకేదైనా అయితే ఆ తోట మా ఆయన పేరు మీదికి ఎల్లిపోద్ది. అప్పుడు నువ్వేటి తింటావు, గోడ మీది కాయితమా?"

"ఆకలేత్తే అదే తింటాను."

"సూసినావా మామా! మన మడి మీద కన్నేసింది. ఎప్పుడూ మాటాడని మనిసి, ఎంత లోతో!"

"నోర్ముయ్యే గుంటా!" అని అరిచింది ఈశ్వరమ్మ. "రేషన్ కార్డులోంచి ఆయన పేరు తీసీసినారు. ఓటరు లిస్టులోంచి తీసీసినారు. ఒక్క పోటో కూడా నేదు నా కాడ. ఆ గోడ మీద ఒక్క సోటే మిగిలినాడు. అది కూడా నా సేత్తోనే తుడిచీమంటారా?"

మాధవి తల దించుకుంది. ధనుంజయ్ కాలి బొటనవేలితో మట్టి గీరాడు.

"సర్వేకి వచ్చిన బాబు అడిగినాడు, మంగ్లు ఎక్కడని," అన్నాడు చివరికి. "కొండెక్కినాడు, వచ్చీత్తాడని సెప్పీసినాను."

ఈశ్వరమ్మ అతని వైపు చూసింది.

"ఆడింక నేడని అనడానికి నోరు రానేదమ్మా. మార్పిడి సంగతి సెప్తే, తోట నీ పేరున ఎక్కించడానికి ఆ మాట అనాల. అందుకే తలూపీసినాను. నీకు మొకం సూపించలేక తిరుగుతన్నాను."

ఈశ్వరమ్మ అరుగు మీద కూర్చుంది. ఆయన కోసం తానొక్కతే ఏడుస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. ఎదురింట్లో కూడా ఒక మనిషి ఒంటరిగా అదే ఏడుపు మింగుతున్నాడని ఆమెకు తట్టనే లేదు. "బావా," అని పిలిచింది, రెండు నెలల తర్వాత. మాధవి లేచి వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు ముగ్గురూ సచివాలయానికి వెళ్ళారు. ధనుంజయ్ వేలిముద్ర వేశాడు. శ్రీకాంత్ అదే సిరా పెట్టె ముందుకు తోస్తే ఈశ్వరమ్మ దాన్ని పక్కకు నెట్టి, నెమ్మదిగా, ఒక్కో అక్షరం పేర్చుతూ సంతకం పెట్టింది. పెన్ను కింద పెట్టాక, మంగ్లు పేరు ఇక పోయినట్టేనని కళ్ళు మూసుకుంది.

"భర్త పేరు చెప్పు పెద్దమ్మా," అన్నాడు శ్రీకాంత్. "అది లేకపోతే కంప్యూటరు తీసుకోదు."

ఆమె కళ్ళు తెరిచింది. "ఆ పేరు ఉంటాదా బాబూ?"

"నీ పేరు పక్కనే. నీ పేరు ఉన్నంతకాలం."

ఆమె చెప్పింది. అతను కొట్టి, తెర ఇటు తిప్పాడు. చదువు రాని ధనుంజయ్ ఆ వెలుగు వైపు ఊరికే చూశాడు.

"ఏటి రాసినాడమ్మా? సదువు."

"ఈశ్వరమ్మ. భర్త మంగ్లు. మెట్ట, కాఫీ తోట."

ధనుంజయ్ తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక వరుసలోంచి ఎవరో "బేగి కానీండే!" అని కసిరారు.

"ఇంకొక్కసారి సదువమ్మా," అన్నాడు ధనుంజయ్.

ఈశ్వరమ్మ తెర మీద వేలు ఆనించి మళ్ళీ చదివింది. ఈసారి ఎక్కడా తడబడలేదు.

వంతాల చిలకమ్మ, అరవై మూడేళ్ళు. ప్రస్తుతం పాడేరులో, కూతురింట్లో ఉంటున్నాను.