ఏడో చుట్టులో తప్పు

రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఒక్కో మాటకూ చాలాసేపు పడుతుంది నాకు.

ఆ ఉదయం మాసిబియా భర్త ఎంబుయిసేని పోయాక ఏడాదిగా కట్టిన నల్లబట్టలు విప్పి, ఆయన తీగ అల్లిన చిన్న సొరబుర్రలో ముక్కుపొడుం నింపుకుంది. పెద్ద గుడిసెలో వెనకగోడ దగ్గర చిటికెడు పోసి, పోయినవాడితో భార్యగా మాట్లాడవలసిన రోజది. గని నుంచి తెచ్చిన రాగితీగ ఆ బుర్రకు చుట్టాడు. గనిలో వేలు తెగినవాడు కాబట్టి ప్రతి ఏడో చుట్టులో ఒక తీగ తప్పేది. "ఇలాంటిది ఇంకెవరికీ అల్లను" అన్నాడు పెళ్లినాడు.

చాపల మీద ఆడవాళ్లు నిండారు. మాఖోజా అనే కొత్తమనిషి గుమ్మం దగ్గరే కూర్చుంది.

"ఏమ్మా, నీకు పొడుం వద్దా? ముక్కు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అంది పొరుగు ముసలమ్మ.

అందరూ నవ్వారు. మాఖోజా తన మెడలోని బుర్ర తీసింది. ఖాళీది. నింపి ఇద్దామని మాసిబియా అందుకుంది. ఏడో చుట్టు దగ్గర ఆమె బొటనవేలు ఆగిపోయింది.

"ఇదెవరిచ్చారు నీకు?"

"అల్లినాయనే, అక్కా."

"అక్కా అనకు. ఎన్నేళ్లు?"

"పద్నాలుగు. జోహన్నెస్‌బర్గులో."

"అమ్మా, ఇలా రా" అని కూతురు నొమాగుగు చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల మొహంలో భయముంది, ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసన్నమాట."

"నాన్న ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు తట్టుకోలేవని."

"తండ్రీ కూతురూ తేల్చేశారా? నేను పాలుతాగే పిల్లని కదూ."

మాఖోజా లేచింది. "గొడవకు రాలేదు. ఆయన పోయాక ఇందులో పొడుం పోయలేదు. పోసి ఏ గోడ దగ్గర పెట్టను? నా ఇంట్లో ఆయన్ని పిలిచే చోటు లేదు. మీ చేత్తో నా పేరున ఒక్క చిటికెడు పెడితే వెళ్లిపోతాను."

మాసిబియా ఆ బుర్రను విసిరికొట్టబోయింది. చెయ్యి లేవలేదు. తప్పిన తీగ దగ్గర రాగి అరిగి నున్నబడింది, అచ్చం తనదానిలాగే. ఈ మనిషీ ఇన్నేళ్లు అక్కడే తడుముకుంటూ ఆయన కోసం ఎదురుచూసింది.

రెండు చిటికెల పొడుం గోడ దగ్గర పోసింది.

"ఎంబుయిసేని, నాతో అబద్ధం చెప్పావు. ఇద్దరం వచ్చాం. ఇప్పుడు చెప్పు, ఏం చెబుతావో."

అప్పుడు ఏడ్చింది. తుడుచుకోకుండానే వెనక్కి తిరిగి, "గుమ్మంలో ఎందుకు, లోపలికి జరుగు" అంది.

— దుదుజీలే మాఖోజా, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఎంసింగాలో, మాసిబియా పక్క గుడిసెలో ఉంటున్నాను.